చార్టుకెక్కిన మోకాలు

రేడియోలో ఆ మాట వినగానే డ్రమ్మరు చేతిలోని దుప్పటి జారి నేలమీద పడింది.

"పద్నాలుగో స్థానం. కిందటి వారం ముప్ఫై ఏడులో ఉన్న పాట ఈ వారం ఒక్క దూకు దూకింది. పిడుగు బృందం వారి 'నిద్దర్లు చాలు'."

ఆ వారం దేశం మొత్తం మీద జనం ఏ పాట ఎక్కువ విన్నారో లెక్కగట్టి, శుక్రవారం పొద్దున రేడియోవాళ్ళు వరసపెట్టి చదివే చార్టు అది. పిడుగు బృందంలో డ్రమ్ములు వాయించే మనిషి ఆ సమయానికి అక్కాబావల లాండ్రీలో, నడుము ఎత్తున్న ఆసుపత్రి దుప్పట్ల గుట్ట ముందు నిలబడి ఉన్నాడు. పగలు దుప్పట్లు మడతపెట్టడం, సాయంత్రం మేడగదిలో డ్రమ్ములు బాదడం. అదీ అతని జీవితం.

"పద్నాలుగు బావా" అన్నాడు.

బావ దుప్పటివంక చూశాడు. "నేలమీద పడింది. మళ్ళీ ఉతకాలి."

"దేశం మొత్తంలో పద్నాలుగు."

"అయితే దేశాన్ని పిలు, వచ్చి ఉతుకుతుంది. తియ్యి ముందు."

బావ పొట్టి మనిషి. చొక్కా మడత మీద చెయ్యి ఆనిస్తే తెగుతుందేమో అన్నంత పదునుగా ఇస్త్రీ చేసుకుంటాడు. అతని వెనకాల పాత డ్రయ్యరు రొద పెడుతూ తిరుగుతోంది. ఏనుగంత యంత్రం అది. దాని తొట్టి ఒక చోట అరిగిపోయి, చుట్టు తిరిగినప్పుడల్లా 'ధబ్' మనేది. అప్పుడప్పుడు బెల్టు జారి మూలిగేది. అలా మూలిగినప్పుడు బావ వెనక్కి తిరక్కుండానే కుడి మోకాలితో దాని డొక్కలో ఒక్క పోటు పొడిచేవాడు. అది గుటక వేసినట్టు ఒక శబ్దం చేసి మళ్ళీ దారిలో పడేది. టీ తాగుతూ పొడిచేవాడు, ఫోను మాట్లాడుతూ పొడిచేవాడు, భార్యతో గొడవపడుతూ పొడిచేవాడు. ఆ చోట రేకు సొట్టపోయి బావ మోకాలి అచ్చు దిగిపోయింది.

"అది ఆపు బావా, రేడియో వినపడట్లేదు."

"ఆపితే ఆసుపత్రివాళ్ళు తడి దుప్పట్ల మీద పడుకుంటారా?"

ఈ డ్రయ్యరు మీద బావా బావమరుదుల యుద్ధం ఈనాటిది కాదు. 'నిద్దర్లు చాలు' పాటని ఈ మేడగదిలోనే రికార్డు చేశారు. ఆ రోజు ఒక్క పూట ఆపమని డ్రమ్మరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "నువ్వు పైన మోగించుకో, నేను కింద ఆరబెట్టుకుంటా" అన్నాడు బావ. డ్రమ్మరు పళ్ళు కొరుక్కుని, ఆ రొదని ముంచేంత గట్టిగా బాదాడు. ఆ పాట కథ అంతటితో అయిపోయిందనే అనుకున్నాడు, ఇప్పుడీ పద్నాలుగు వచ్చేదాకా.

అక్క చంటిపిల్లని భుజాన వేసుకుని వెనకగదిలోంచి వచ్చింది. పిల్లని అందరూ బుడ్డి అంటారు. రాత్రిళ్ళు బుడ్డి ఏడుపు ముందు డ్రయ్యరు రొద ఏ మూలకీ చాలదు.

"పద్నాలుగుట కదరా" అంది అక్క, నవ్వు ఆపుకుంటున్నట్టుగా. ఆ నవ్వు సంగతి డ్రమ్మరు అప్పుడు పట్టించుకోలేదు.

"మొదటి పదిలోకి వస్తే కంపెనీవాళ్ళు రెండో ఆల్బం వేస్తారక్కా."

"రాకపోతే?" అన్నాడు బావ.

రాకపోతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. బావకి మేడగది కావాలి. ఇస్త్రీ పని పైకి మారిస్తే కింద కాలు కదిపే చోటు దొరుకుతుంది. మొదటి ఇస్త్రీ బల్ల అప్పుడే మేడెక్కి, డ్రమ్ముల పక్కన శత్రుదేశం గూఢచారిలా నిలబడి ఉంది.

"మీ అక్క ఎదుటే చెబుతున్నా" అన్నాడు బావ. "వచ్చే శుక్రవారం మీ పాట మొదటి పదిలో ఉంటే గది నీది. ఆ బల్ల నేనే నా చేత్తో దింపుతా. లేకపోతే డ్రమ్ములు మూటగట్టి కౌంటర్లో కూర్చుంటావు. చొక్కాకి పైగుండీ కూడా పెట్టుకుని."

"పైగుండీ దేనికి?"

"అది పెట్టుకుంటేగాని మనిషి మారినట్టు లెక్క కాదు."

ఆ మధ్యాహ్నమే కొత్త డ్రయ్యరు దిగింది. తెల్లగా, నున్నగా, ఆసుపత్రి నర్సులా చప్పుడు లేకుండా తిరిగింది. పాతదాన్ని తీసుకుపోవడానికి పాత ఇనుము వ్యాపారి ట్రక్కు వేసుకొచ్చాడు. బావ గుమ్మంలో నిలబడి, బడికి వెళ్ళే పిల్లాణ్ణి సాగనంపుతున్నట్టు మొహం పెట్టాడు. డ్రమ్మరు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి, ఆనందంతో, కూలివాళ్ళకంటే ముందు భుజం ఆనించి ఆ దయ్యాన్ని ట్రక్కు ఎక్కించాడు. ఎక్కించి దాని వీపు మీద అరచేతులతో తాళం కూడా వేశాడు.

తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని అతనికి తెలియడానికి ఇంకా మూడు రోజులు ఉంది.

ఆదివారం సాయంత్రం కంపెనీ మేడం ఏర్పాటు చేసిన కచేరీ. టిక్కెట్లు మిగల్లేదంటే బృందంలో ఎవరూ నమ్మలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళ కచేరీలకి వచ్చినవాళ్ళలో సగం మంది బంధువులు, మిగతా సగం మంది తలుపు తప్పి వచ్చినవాళ్ళు.

తెర సందులోంచి మొదట చూసింది పాటగాడు. వాడి పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ గర్జన అంటారు. నడుందాకా జుట్టు, కాళ్ళకి ఇనుప గొలుసుల బూట్లు. గొంతు విప్పితే రెండు వీధుల అవతల కుక్కలు లేచి నిలబడతాయి. అలాంటి గర్జన తెర వదిలేసి నెమ్మదిగా వెనక్కి వచ్చాడు.

"ఒరేయ్, మనం హాలు తప్పొచ్చామేమో."

డ్రమ్మరు వెళ్ళి చూశాడు. హాలు నిండా జనం. నడవాల నిండా పిల్లల తోపుడు బళ్ళు. ప్రతి ఒడిలోనూ ఒక చంటిపిల్ల, ప్రతి భుజం మీదా ఒక పాలగుడ్డ. హాలంతా పౌడరు వాసన. తల్లిదండ్రులందరి కళ్ళ కింద బొగ్గుతో రాసినట్టు నల్లచారలు.

"వీళ్ళు మన అభిమానులా?" అన్నాడు గిటారు వాయించే తీగ. సన్నగా ఉంటాడని ఆ పేరు. "మనకంటే ఎక్కువ రాత్రుళ్ళు మేలుకున్నవాళ్ళలా ఉన్నారే."

బేస్ గిటారు వాయించే మౌని ఏమీ అనలేదు. మౌని ఎప్పుడూ ఏమీ అనడు.

తెర లేచింది. చప్పట్లు లేవు. ముందు వరసలో ఒకావిడ పెదవుల మీద వేలు పెట్టి, 'కానివ్వండి' అన్నట్టు తల ఊపింది. డ్రమ్మరు కర్రలు పైకెత్తి, ఒకదానికొకటి నాలుగుసార్లు తగిలించి, డ్రమ్ము మీద మొదటి దెబ్బ వేశాడు. గర్జన గొంతు విప్పాడు.

"నిద్దర్లు చాలూ..."

ముందు వరసలో ఒక చంటిపిల్ల కళ్ళు తెరిచింది. పెదవి వణికింది. తరవాత ఎత్తుకుంది. పక్కనున్నది దానికి వంత పాడింది. ఆ ఏడుపు అడివికి నిప్పంటుకున్నట్టు వరసల వెంట వెనక్కి పాకి, బాల్కనీ ఎక్కి, తిరిగి వేదిక మీదికొచ్చి పడింది. జీవితంలో మొదటిసారి గర్జన గొంతు గర్జనకే వినపడలేదు.

మూడో వరసలో ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. "ఆపండయ్యా. ఇదేం పాట?"

"మీరు వినడానికి వచ్చిందే" అన్నాడు గర్జన.

"కాదు. మా వాడికి ఆ పాట ప్రతి ముక్కా తెలుసు. ఇది అది కాదు."

"మేమే రాశాం దాన్ని."

"రాస్తే రాశారు, రికార్డులో ఉన్నట్టు వాయించండి మరి" అంది ఇంకో తల్లి, పిల్లని ఊపుతూ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "అందులో ఏదో వెచ్చగా ఉంటుంది. మా పిల్ల పుట్టిన దగ్గర్నించి ఆ పాటకొక్కదానికే పడుకుంది. దాన్ని కూడా పాడుచేశారు మీరు."

మరో నిమిషంలో ఒక పాలసీసా వేదిక మీదికి దొర్లుకుంటూ వచ్చింది. బృందం కాళ్ళకు బుద్ధి చెప్పింది.

తెరవెనక కంపెనీ మేడం నుదురు పట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ నడుస్తూ మాట్లాడే మనిషి కూర్చుందంటే వ్యవహారం ముదిరినట్టే.

"దేశమంతా మీ పాట ఎవరు వింటున్నారా అని నేనూ బుర్ర బద్దలుకొట్టుకున్నాను" అంది. "విప్లవం కోరే యువత అనుకున్నాను. ఉయ్యాల్లో ఉన్నవాళ్ళని అనుకోలేదు."

"మేం రాక్ బృందం మేడం" అన్నాడు గర్జన, గొలుసుల బూటు వంక చూసుకుంటూ.

"అవునా? బయటికెళ్ళి ఆ తల్లులకి చెప్పండి. చూడండి, ఈ సంగతి రేపటికల్లా ఊరూరా పాకుతుంది. పిడుగువాళ్ళు పాట మార్చేశారట అంటారు. వినడం మానేస్తారు. గురువారం రేడియోవాళ్ళ హాల్లో మీ ప్రత్యక్ష ప్రసారం ఉంది. వచ్చేది ఈ తల్లిదండ్రులే. అక్కడ పిల్లలు పడుకుంటే మొదటి పది. ఏడ్చారంటే, మీ పాట నేను కూడా వినను."

డ్రమ్మరు ఇంటికి నడిచి వెళ్ళాడు. 'ఏదో వెచ్చగా ఉంటుంది' అన్న మాట అతని వెంటే నడిచింది.

మర్నాడు పొద్దున అతను అక్కని నిలదీశాడు.

"నీకు తెలుసు కదూ?"

అక్క కౌంటరు మీద దిండుగలీబులు లెక్కపెడుతున్నట్టు నటించింది. బుడ్డి ఆమె భుజం మీద పడి మూడు రోజులుగా ఆపకుండా ఏడుస్తోంది.

"చెబితే మొహం మాడ్చుకుంటావని చెప్పలేదురా. నువ్వేమో లోకాన్ని మేల్కొలుపుతున్నానని తిరుగుతుంటివి. దీన్ని ఓసారి మీ పాట దగ్గర పడుకోబెట్టాను. రెండో చరణానికల్లా గుర్రు పెట్టింది. బట్టలు వేయడానికొచ్చే తల్లులందరికీ చెప్పాను. వాళ్ళు వాళ్ళ చెల్లెళ్ళకి చెప్పారు. వాళ్ళ చెల్లెళ్ళు ఊరుకుంటారా?"

"అక్కా, అందులో గర్జన తలుపులు బద్దలుకొట్టమంటాడు."

"దీనికింకా మాటలు రావుగా, ఏం తెలుస్తుంది."

పాట పెట్టారు. అక్క ఫోనుని పిల్ల చెవి దగ్గర ఉంచింది. బుడ్డి ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది, ఎక్కిళ్ళు ఆవులింతలోకి దిగాయి. డ్రమ్మరు ఇన్నాళ్ళూ ఆ పాటలో తన దెబ్బలే వినేవాడు. ఇప్పుడు మొదటిసారి కళ్ళు మూసుకుని, దెబ్బల కింద ఏముందో విన్నాడు. గిటారు కింద, గర్జన కేకల కింద, ఎక్కడో అడుగున, ఒక రొద. గుండ్రంగా, మెత్తగా, ఆగకుండా. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక 'ధబ్'.

అతను కళ్ళు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే పాట మధ్యలో ఒక మూలుగు, వెంటనే ఒక మొద్దు దెబ్బ, దాని వెనక గుటక వేసినట్టు శబ్దం. నిద్రలోనే బుడ్డి హాయిగా నిట్టూర్చింది.

కౌంటరు అవతల ఇస్త్రీ పెట్టె పట్టుకున్న బావ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అదిగో" అన్నాడు. "అది నా మోకాలు."

ముగ్గురూ కొత్త డ్రయ్యరు వైపు చూశారు. అది చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"పాతది ఏదీ?" అంది అక్క.

"అడుగు మీ తమ్ముణ్ణి" అన్నాడు బావ. "భుజం పెట్టి మరీ ఎక్కించాడు. వీపు మీద తాళం కూడా వేశాడు."

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా, పద."

"కాళ్ళు వద్దు, మోకాలు పట్టుకో" అన్నాడు బావ. కానీ అప్పటికే అతను ఇస్త్రీ పెట్టె ఆపి, చొక్కా మడతలు సవరించుకుంటున్నాడు.

పాత ఇనుము వ్యాపారి స్థలం రైలు పట్టాల పక్కన ఉంది. సైకిళ్ళ చట్రాలు ఒక పక్క, పగిలిన ఫ్రిజ్‌లు ఒక పక్క, మధ్యలో కుర్చీ వేసుకుని అతను. లావాటి మనిషి. డ్రయ్యరు అతని వెనకాలే ఉంది. వెనక రేకు అప్పటికే ఊడదీసి ఉంది. మోటారుకి వేసిన మరల్లో రెండు విప్పేసి ఉన్నాయి. తొట్టిలో ఒక పిల్లి పడుకుని ఉంది.

"మళ్ళీ తీసుకెళ్తారా?" అన్నాడు వ్యాపారి. "మొన్న మీ బావమరిది దాన్ని చూసిన చూపుకి, వెనక్కి ఇస్తే కేసవుతుందేమో అనుకున్నాను."

"మనసు మారింది" అన్నాడు డ్రమ్మరు.

"మనసు మారడానికి ఇదేమన్నా పెళ్ళిసంబంధమా? దీన్ని విప్పి ముక్కలు చేద్దామని కూర్చున్నాను. దేనికి కావాలో చెప్పండి, నిజం చెబితే ఇస్తాను."

డ్రమ్మరు గొంతు సవరించుకున్నాడు. దీనికి తను నిద్రలేని తల్లుల దగ్గర్నించి మొదలుపెట్టాలి, చార్టు చెప్పాలి, రెండో ఆల్బం చెప్పాలి. అతను నోరు తెరిచేలోగా బావ ముందుకొచ్చాడు.

"ఇది పాట పాడుతుంది" అన్నాడు బావ. "దేశంలో పద్నాలుగో స్థానం."

వ్యాపారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "తీసుకెళ్ళండి" అన్నాడు. "పిల్లిని మాత్రం దింపేసి వెళ్ళండి."

ఆ సాయంత్రానికల్లా డ్రయ్యరు మళ్ళీ లాండ్రీలో ఉంది. బావ నేలమీద పడుకుని, చేతులు మోచేతులదాకా నల్లబడేలా మరలు బిగించాడు, బెల్టు ఎక్కించాడు, లేచి మీట నొక్కాడు. అది మూలిగింది. మోకాలితో పొడిచాడు. అది గుటక వేసి తిరగడం మొదలుపెట్టింది. వెనకగదిలో బుడ్డి ఏడుపు, నీళ్ళ కుళాయి కట్టేసినట్టు, ఆగిపోయింది.

అక్కడితో డ్రమ్మరు కష్టాలు తీరాలి. తీరలేదు. బావ మారిపోయాడు.

మంగళవారం లాండ్రీలోనే, డ్రయ్యరు పక్కన పెట్టుకున్న సాధనకి బావ అందరికంటే ముందొచ్చాడు. "మోకాలి దెబ్బ రెండో చరణం చివర పడాలా, మూడో చరణం మొదట పడాలా?" అని అడిగాడు. బుధవారం గర్జనకి గొంతు తగ్గించమని సలహా ఇచ్చాడు. "నీ కేకలకి నా యంత్రం వినపడట్లేదయ్యా. పాటలో ఎవరి పాత్ర వాళ్ళకుంటుంది." తీగ దగ్గరికెళ్ళి, గిటారు వైరు డ్రయ్యరు దారికి అడ్డంగా ఉందన్నాడు. బృందం ఫోటో తీస్తే తనూ, యంత్రమూ మధ్యలో ఉండాలా, పక్కన ఉండాలా అని అక్కని అడుగుతుంటే డ్రమ్మరు విన్నాడు.

"ఈయన్ని భరించాలా?" అన్నాడు గర్జన డ్రమ్మరు చెవిలో.

"నేను చిన్నప్పట్నించీ భరిస్తున్నాను. మీకు గురువారం దాకానే."

గురువారం రేడియోవాళ్ళ హాలు కిక్కిరిసింది. వచ్చినవాళ్ళ మొహాల్లో నమ్మకం లేదు, ఆఖరి ప్రయత్నంగా వైద్యుడి దగ్గరికి వచ్చినట్టు ఉన్నారు. ఆదివారం లేచిన తండ్రి ఈసారి కూడా మూడో వరసలోనే, లేవడానికి వీలుగా అంచున కూర్చున్నాడు. వేదిక మధ్యలో డ్రయ్యరు. దాని పక్కన కొత్త చొక్కాలో, మెడ దాకా గుండీలు పెట్టుకుని బావ. ఖాళీ తొట్టి తిరిగితే ఆ రొద రాదని ఆసుపత్రి దుప్పట్ల మూట ఒకటి వెంట తెచ్చాడు. సగం తొట్టిలో వేశాడు, సగం పక్కన గుట్టగా పోశాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఇప్పుడు వాళ్ళు వాయించేది దేశమంతా వింటోంది.

బావ మీట నొక్కాడు. రొద మొదలైంది. గుండ్రంగా, మెత్తగా. ధబ్. హాల్లో అక్కడక్కడా కదులుతున్న చిన్న చిన్న పాదాలు నెమ్మదించాయి. డ్రమ్మరు కర్రలు అందుకున్నాడు. గర్జన మైకు దగ్గరికి వంగాడు. మొదటి చరణం ఏ ఆటంకం లేకుండా దాటింది. మూడో వరసలో తండ్రి వెనక్కి ఆనుకున్నాడు.

రెండో చరణంలో డ్రయ్యరు మూలిగింది.

బావ మోకాలితో పొడిచాడు. అది గుటక వెయ్యలేదు. మళ్ళీ పొడిచాడు. లోపల ఏదో 'ఫట్' మని తెగింది. తొట్టి ఒక సగం చుట్టు తిరిగి, ఆగి, వెనక్కి ఊగి, మరి కదల్లేదు.

బెల్టు తెగిపోయింది.

మొదటి పిల్ల కళ్ళు తెరిచింది. పెదవి వణకడం డ్రమ్మరుకి ఇక్కడికే కనపడుతోంది. బావ వంక చూశాడు. బావ మూడోసారి పొడిచి, మోకాలు పట్టుకుని, తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో బావ మొహంలో అలాంటి చూపు అతను ఎన్నడూ చూడలేదు. ఇంట్లో మనిషికి ఏదో అయినట్టు చూస్తున్నాడు. చొక్కా పైగుండీ, కౌంటరు, మూటగట్టిన డ్రమ్ములు, అన్నీ ఒక్కసారి డ్రమ్మరు కళ్ళముందు తిరిగాయి.

అతను కర్రలు వదిలేశాడు.

వంగి, గుట్టలోంచి ఒక దుప్పటి లాగి, రెండు మడతలు వేసి, అన్నిటికంటే పెద్ద డ్రమ్ము మీద పరిచాడు. రెండు అరచేతులూ దానిమీద పెట్టి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. ఏం వాయించాలో ఆలోచించనక్కర్లేదు. ఆ రొద పక్కనే అతను బడి పాఠాలు చదివాడు, దాని పక్కనే అన్నం తిన్నాడు, దాన్ని తిట్టుకుంటూనే పెద్దవాడయ్యాడు. ఎక్కడ బరువెక్కుతుందో, ఎక్కడ తేలికవుతుందో అతని చేతులకే తెలుసు. చుట్టు పూర్తయ్యేచోట మోచేత్తో మెత్తగా ఆనించాడు. ధబ్.

పక్కన ఎవరో గొంతులో సన్నగా రొద కలిపారు. చూస్తే మౌని. కళ్ళు మూసుకుని, పెదవులు కదపకుండా, అడుగు స్వరంలో మూలుగుతున్నాడు. తీగ ఒకే ఒక్క తీగ మీద వేలు ఆడిస్తున్నాడు. గర్జన పాట ఆపేయాలో కొనసాగించాలో తెలియక ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, చివరికి గొంతులో ఉన్నదంతా కిందికి దింపి, చెవిలో రహస్యం చెబుతున్నట్టు పాడాడు.

"తలుపులు బద్దలుకొట్టండీ... నిద్దర్లు చాలూ..."

వణికిన పెదవి మూతపడింది.

డ్రమ్మరు చుట్టు తిప్పుతూనే ఉన్నాడు. పాట చివరికి వచ్చింది. అక్కడ ఒకటి తక్కువైందని అతనికి తెలుసు. కాస్త మూలిగినట్టు దుప్పటిని లాగి, కుడి మోకాలెత్తి డ్రమ్ము డొక్కలో ఒక్క పోటు పొడిచి, అరచెయ్యి జార్చి గుటక వేయించాడు.

ఆ దెబ్బ వినగానే బావ ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. పగలు కూర్చోవడం కూడా ఎరగని మనిషి అలాగే దుప్పట్ల గుట్ట మీదికి జారి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

పాట అయిపోయింది. హాల్లో చప్పుడు లేదు. ఒక్క చప్పట్ల మోతా లేదు. గర్జన అలవాటు కొద్దీ "ధన్యవా..." అనబోయేసరికి ముందు వరసంతా ఒకేసారి పెదవుల మీద వేళ్ళు పెట్టుకుంది. మూడో వరసలో తండ్రి లేచాడు. పిల్లాణ్ణి ఒక చేత్తో పొదువుకుని, రెండో చెయ్యి గాల్లో పైకెత్తి, అలాగే నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకరు. తరవాత హాలంతా. ఎత్తిన చేతులతో, మునివేళ్ళ మీద, ఒక్కొక్కరే తలుపు వైపు కదిలారు. పిడుగు బృందం పుట్టిన దగ్గర్నించి అంత గౌరవం ఎరగదు, అంత నిశ్శబ్దమూ ఎరగదు.

తెరవెనక కంపెనీ మేడం కళ్ళు తుడుచుకుంటోందనుకున్నాడు డ్రమ్మరు. దగ్గరికెళ్ళి చూస్తే ఆవిడా ఒక స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తోంది.

శుక్రవారం పొద్దున లాండ్రీలో ఎవరూ మాట్లాడుకోలేదు. బుడ్డి అప్పుడే పడుకుంది. రేడియో వెనకగదిలో, చెవి ఆనిస్తేగాని వినపడనంత తగ్గించి ఉంది. దాని దగ్గర అక్క కూర్చుంది. డ్రమ్మరు ఒకే దుప్పటిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు. బావ కౌంటర్లో వేళ్ళు నొక్కుకుంటున్నాడు. మూలన పాత డ్రయ్యరు కొత్త బెల్టు కోసం ఎదురు చూస్తోంది.

చాలాసేపటికి అక్క గుమ్మంలోకి వచ్చింది. భుజం మీద పిల్ల. ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తింది. ముందు అయిదు వేళ్ళు చూపించింది. తరవాత నాలుగు.

డ్రమ్మరుకి అరవాలనిపించింది. దిండుగలీబు నోట్లో కుక్కుకుని అరిచాడు.

బావ కౌంటరు వదిలి ఇవతలికొచ్చాడు. చెప్పులు విడిచి, మెట్లెక్కి మేడమీదికి వెళ్ళాడు. కాసేపటికి ఇస్త్రీ బల్ల ఒక కొస పట్టుకుని మెట్ల మీద కనిపించాడు. డ్రమ్మరు వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ గోడకి తగలకుండా, మెట్టు చప్పుడు కాకుండా, దొంగల్లా దించారు. సగం దూరం వచ్చాక బావ ఆగాడు.

"నిన్న చివర్లో ఒక దెబ్బ కొట్టావు" అన్నాడు గుసగుసగా. "మోకాలితో."

"ఊ."

"అది నాది కదట్రా."

"నీదే బావా."

బావ ఇంకో రెండు మెట్లు దిగాడు. బల్ల బరువంతా తన వైపు తీసుకుని, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"కాస్త ఆలస్యంగా కొట్టావు. రెండో ఆల్బంలో నేనే కొడతాలే."